కళ్లద్దములకా, కంటిపరీక్షకా?

2018 సెప్టెంబరులో ఆరంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన అర్హతగల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వ్యయమును భరించుచున్నది. మన తమిళనాట అది ముఖ్యమంత్రి బీమా పథకముతో కలిసి నడచుచున్నది. కంటిలో శుక్లము వచ్చిన తాతగారికి దానివలన శస్త్రచికిత్స జరుగును. నల్లబల్లపై అక్షరములు కానరాని మనుమనికి మాత్రము అది అక్కరకు రాదు. ఆసుపత్రిలో చేరనక్కరలేని కంటిపరీక్షకుగాని, కళ్లద్దములకుగాని ఆ బీమా వర్తింపదు. బడిపిల్లలకు ప్రభుత్వము వేరుగా ఉచిత అద్దము లిచ్చు ఏర్పాటు కలదు. కాని చత్వారము వచ్చిన తల్లికి, కుట్టుపని చేయు తండ్రికి దారి యేది? బీమాను దృష్టి సంరక్షణకు విస్తరింపవలెనని మేమును కోరుచున్నాము. ఐతే సొమ్ము దేనికి చెల్లింతురను దానిపైననే దాని మంచిచెడ్డలు ఆధారపడి యున్నవి.

కళ్లద్దములు సరుకు. వానిని లెక్కింపవచ్చును, పంచవచ్చును, పంచుచు ఛాయాచిత్రములును తీయించుకొనవచ్చును! పరీక్ష అట్టిది కాదు. నాలుగేండ్లు చదివిన ఆప్టోమెట్రిస్టు కటకములను మార్చి మార్చి “ఇది స్పష్టముగా నున్నదా, మునుపటిదా?” యని అడుగును. ఎదుటివారు చెప్పు మాటయే అతనికి కొలబద్ద. మన వంటి అల్పసంఖ్యాక భాషల వారికి చిక్కు అచ్చటనే కలదు. తమిళము మాత్రమే యెరిగిన పరీక్షకుని యెదుట మన ఇంటి ముసలమ్మ “మసకగా నున్నది”, “రెండుగా కనబడుచున్నది” అను రెంటికి గల భేదమును చెప్పజాలక, ఏదో యొకటి చాలునని తల యూపి వచ్చును. చదువురానివారికై ఇంగ్లీషు ‘ఈ’ అక్షరమును నలుదిక్కులకు త్రిప్పి అచ్చువేసిన పటము కలదు, నిజమే. ప్రశ్నోత్తరములకు అట్టి పటము లేదు. వానికి కావలసినది తీరిక.

బ్రిటను అనుభవము ఇచ్చట తెలిసికొనదగినది. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్యసేవ మొదలైనపుడు పరీక్షయు, కళ్లద్దములును అచ్చటి ప్రజలకు ఉచితమయ్యెను. అంతవరకు దుకాణపు బల్లపై నున్న అద్దములలో తమకు సరిపడునవి తామే ఏరుకొనిన బీదలు పరీక్షకుల వాకిళ్ల బారులు తీరిరి. మొదటి యేడే సుమారు 50 లక్షల జతలు పంచిరట. వ్యయమునకు జంకి ప్రభుత్వము 1951లో అద్దములకు రుసుము విధింపగా, ఆ సేవను నెలకొల్పిన అన్యూరిన్ బెవన్ మంత్రిపదవిని వదలుకొనెను. ఆ వృత్తికి మేలు జరుగలేదని కాదు: 1958 చట్టముతో దానికి నియంత్రణ మండలియు, నమోదు పట్టికయు ఏర్పడెను. కాని పరీక్షకు ప్రభుత్వ మిచ్చు రుసుము చాలదనియు, ఆ లోటును అద్దముల అమ్మకముతో పూడ్చుకొనవలసి వచ్చుచున్నదనియు అచ్చటి వృత్తివారి చిరకాలపు మొర. అమ్మిననే గడుచునను స్థితిలో “నీకు అద్దములు అక్కరలేదు” అని చెప్పుటకు ఎంత నిబ్బరము కావలయును!

సరిహద్దున కావల 2018లో తెలంగాణము, 2019లో ఆంధ్రప్రదేశము ‘కంటి వెలుగు’ పేర పరీక్షలు జరిపి ఉచితముగా అద్దములు పంచినవి. మంచి పనియే. కాని శిబిరము లేచిపోవును. పిల్లవాడు ఎదుగును, వాని కంటి కొలత మారును, అద్దము పగులును. ఆ వేళకు ఊరిలో ఎవరుందురు?

కావున అద్దముల వెలను, పరీక్ష రుసుమును వేరుచేసి, అద్దములు వ్రాసినను వ్రాయకున్నను పరీక్షకు తగిన రుసుము చెల్లింపవలెనని మా వాదము. దొంగలెక్కలు పుట్టునందురు, పుట్టును, తనిఖీ యుండవలసినదే. పెద్ద ఆసుపత్రులనే గాక చిన్న పట్టణపు ఆప్టోమెట్రిస్టును గూడ బీమా జాబితాలో చేర్చవలయును. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము వారిని గుర్తించినది గనుక, ఎవరు అర్హులను చిక్కును తీరగలదు.

మా విద్యార్థులలో విజ్ఞానశాస్త్రము చదివి ఈ వృత్తికి పోగలవారు కలరు. తెలుగును తమిళమును సమముగా మాటలాడు అట్టివారు హోసూరులోనో, డెంకణికోటలోనో నిలుతురా, లేక బెంగళూరు అద్దాల అంగడికి పోదురా యనునది ఒక పరీక్షకు బీమా ఎంత చెల్లించునను దానిపైననే ఆధారపడి యుండును.