ఇంటి సంగతులు: ఉక్కపోతలో ఏ.సి.

ఈ నెల సంగతికి కారణం యానాం నుంచి ఒక సోదరి రాసిన జాబు. "గౌతమి ఒడ్డున మా ఇల్లు. అత్తగారూ పిల్లలూ పడుకునే గదికి నిరుడు ఒక టన్ను ఏ.సి. కొన్నాం. 18 మీద పెట్టినా ఒంటి జిడ్డు వదలదు. బళ్ళారిలో మా అక్కయ్యగారింట్లో అదే సైజుది హాయిగా పనిచేస్తున్నది. మావారు రెండు టన్నులది తెద్దామంటున్నారు. అత్తగారేమో బిల్లుకు భయపడి అర్ధరాత్రి లేచి ఆపేస్తారు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

సోదరీ! యంత్రాన్ని తిట్టేముందు దాని చాకిరీ ఏమిటో చూద్దాం. గదిలోని వేడిని తీసి బయట పారబోయడం ఒకటి, గాలిలోని నీటిని పిండడం రెండోది. చన్నీళ్ళ చెంబుకు చెమ్మ పట్టినట్టే, లోపలి చల్లని గొట్టాలకు గాలి తగిలి నీరు పడుతుంది. గోడ బయట కారేది ఆ నీరే. గంటకు ఒక లీటరు కారిందంటే, ఒక టన్ను యంత్రం బలంలో సుమారు ఐదోవంతు ఆ పనికే పోయిందని లెక్క. బళ్ళారిది పొడిగాలి. అక్కడ ఈ రెండో చాకిరీ తక్కువ, బలమంతా చల్లదనానికే దక్కుతుంది. నీళ్ళ కూలరు అక్కడ పనికిరావడం, మీ ఊళ్ళో ఉక్క పెంచడం కూడా అందుకే.

అసలు ఈ యంత్రం పుట్టిందే తేమ బాధ తీర్చడానికి. 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసువారికి తడిగాలికి కాగితం సాగి, రంగులు ఒకదానిపై ఒకటి కుదరక చిక్కు వచ్చింది. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు గాలిలోని చెమ్మను అదుపు చేసే ఏర్పాటు చేశాడు. మనుషుల సుఖం తరువాతి మాట!

ఇక రెండు టన్నుల సంగతి. గదికి మించిన యంత్రం గాలిని ఇట్టే చల్లబరచి ఆగిపోతుంది, నీరు పిండేటంత సేపు నడవదు. గది చల్లగానే ఉంటుంది, దుప్పటి మాత్రం చెమ్మగా తగులుతుంది. సుమారు 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను అని వాడుక లెక్క. పైన డాబా ఎండకు కాగేదైతే ఒకటిన్నర కావలసి రావచ్చు. కొలిపించి చూడనిదే డబ్బు పెట్టకండి.

18 మీద పెట్టినంత మాత్రాన యంత్రానికి లేని బలం రాదు. ఆగకుండా నడిచి మీటరు తిప్పుతుంది, అంతే. 2020 నుంచి మన దేశంలో స్టారు గుర్తు గల గది ఏ.సి.లు 24 డిగ్రీల మీద మొదలయ్యేటట్టు నిబంధన ఉన్నది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ప్రభుత్వంవారి అంచనా. 25, 26 మీద పెట్టి, పంకా నెమ్మదిగా తిప్పండి. వాన ముసురులో ఉక్కగా ఉంటే 'డ్రై' మీట నొక్కండి.

కొత్తది కొనేముందు ఈ నాలుగూ చూడండి. ఫిల్టరు పదిహేను రోజులకొకసారి కడగండి. బయటి పెట్టెకు గాలి ఆడనివ్వండి, దాని ముందు బట్టలు ఆరవేయకండి. గదిలోనూ తడిబట్టలు వద్దు, తలుపు కింద సందు మూయండి. గ్యాసు వాడకంలో అరిగిపోయేది కాదు. ఏటా నింపాలన్నారంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. ముందు ఆ చిల్లు మూయించండి.

అత్తగారి మాట చివరకు ఉంచాను, అది అన్నిటికంటె ముఖ్యం కనుక. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఉక్కలో చెమట పడుతుంది గాని ఆరదు. వయసు మళ్ళినవారికి దాహమూ వేడీ అంతగా తెలియవు కూడా. "మాకు అలవాటేలే" అని ఆవిడ అన్నా, ఒంటికి ఆ అలవాటు తగ్గిపోయి ఉంటుంది. కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పండి. 18 మీద వృథా అయ్యేది 26 మీద మిగులుతుంది, ఆ మిగులును ఆవిడ తెల్లవారుజాము నిద్రకు ఖర్చు పెట్టండి. మీట ఉన్న చోటు ఆవిడకే అప్పగించి, "26 దాటనివ్వకండి, ఆపనూ ఆపకండి" అని పెత్తనం ఇచ్చి చూడండి. పొదుపరి చేతికి పెత్తనమిస్తే కాదనరు!

గొట్టం కింద బకెట్టు పెట్టడం మరువకండి. ఆ నీరు తాగడానికి పనికిరాదు గాని మొక్కలకు, గచ్చు కడగడానికి భేషుగ్గా ఉంటుంది. ఎలా ఉన్నదో మళ్ళీ జాబు రాయండి.