కాగితపు కిరీటము

అక్టోబరు 31వ తేదీని పాశ్చాత్యులు జరుపుకొను హాలోవీను వేడుక మన నగరములలోని కొన్ని బడులకును వచ్చినది. పిల్లలు నల్లకాగితమును శనగల పొట్లమువలె చుట్టి, అంచు లతికి, మంత్రగత్తె టోపీ చేయుదురు. దీనిని మే మాక్షేపింపము. కొన్న టోపీకంటె బిడ్డ చేసిన టోపీ మేలు. చేతిపని ద్వారా విద్య గరపవలెనని గాంధీమహాత్ముడు 1937లో వార్ధా సభయందు వాదించెను.

అయితే ధర్మవరపు బిడ్డ నమూనాకై సముద్రములు దాట నక్కరలేదు. ఈ మండలమందలి నిమ్మలకుంటలో మేకతోలును పలుచన చేసి, చిల్లులు పొడిచి, రంగులద్ది, రావణుని కిరీటమును తెరపై వెలిగించు బొమ్మలాట కళాకారులు గలరు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. బిరుదముతోనే విద్య నిలువదు. నేర్చు చేతులు వలయును.

ఉపాధ్యాయులారా! మంత్రగత్తె టోపీతోబాటు ఈ కిరీటమును గూడ కాగితమున కత్తిరింపజేసి, దీపపు వెలుగున పట్టింపుడు. గోడపై నీడను జూచిన బిడ్డ నిమ్మలకుంటకు త్రోవ తానే యడుగును.