నిమ్మపండు – నానుడి

సికింద్రాబాదు వీధులలో క్రొత్త వాహనమునకు పూజ చేయుట మీరు చూచియే యుందురు. చక్రముల క్రింద నిమ్మకాయలనుంచి, వానిమీదుగా బండిని ముందుకు నడుపుదురు. కాయలు నలిగిన పిదప దిష్టి తొలగినదని యజమాని సంతసించును. ఆ సమయమున అమెరికా దేశీయుడొకడు వచ్చి, ఆ బండిని చూపి ‘ఇది నిమ్మపండు’ అనినచో, అది పెద్ద నింద! పైకి చక్కగా నుండి లోపల దోషములు గల వాహనమును అక్కడి వాడుకలో ‘లెమన్’ అందురు.

1970లో జార్జి అకెర్లాఫ్ అను అర్థశాస్త్రవేత్త, పాత కార్ల వ్యాపారమును గూర్చిన తన వ్యాసమునకు ఈ మాటతోనే పేరు పెట్టెను. సరకులోని లోపము అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియనిచో, మంచి సరకు సైతము అంగడినుండి తొలగిపోవునని ఆయన వివరించెను. 2001లో నోబెల్ బహుమానము పొందిన మువ్వురిలో ఆయన యొకడు.

ఆంగ్లమున ఈ పండునకు ఇంతటి అపకీర్తి యేల? దాని పులుపును ఆ భాష ఆశాభంగమునకు గుర్తుగా గ్రహించినది. కాని 1747లో జేమ్సు లిండు అను ఓడ వైద్యుడు, చిగుళ్లు చెడి కృశించుచున్న నావికులకు నారింజ, నిమ్మపండ్లనిచ్చి, వారు త్వరగా కోలుకొనుట చూచెను. ప్రాణము నిలిపిన పండే నిందావాచకమైనది! నానుడి పండు గుణమును తూచి పుట్టినది కాదు. జనుల అలవాటు నుండి పుట్టినది.

మన అలవాటు వేరు. పెద్దలను దర్శించునపుడు నిమ్మపండు చేతికిచ్చుట గౌరవము. బోనాలనాడు అమ్మవారికి నిమ్మకాయల దండ వేయుదురు. చేయవలసిన పని యుండియు ఉలుకుపలుకు లేక కూర్చున్నవానిని ‘నిమ్మకు నీరెత్తినట్లున్నాడు’ అందుము. దీనిని మాటకు మాటగా ఆంగ్లములో చెప్పినచో వినువాడు తెల్లబోవును.

నేను బడిలో పనిచేయునపుడు ఒక విద్యార్థి తన వ్యాసములో ‘జీవితము నిమ్మపండ్లనిచ్చినచో షర్బతు చేసికొనవలెను’ అని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో గీత గీసితిని.

“తప్పేమున్నదండీ?” అని యడిగెను.

“నాయనా, మనకు నిమ్మపండునిచ్చువాడు మనలను గౌరవించువాడు. జీవితము నిన్ను గౌరవించినచో విచారమెందులకు?” అంటిని.

అతడు నవ్వి, కొంతసేపాలోచించి, ‘కష్టము వచ్చినపుడు క్రుంగక, దానినే మేలుగా మలచుకొనవలెను’ అని దిద్దుకొనెను. ఆ వాక్యము అతని సొంతము.

భాషలు ఒకదానినుండి మరియొకటి గ్రహించుట సహజమే కదా యని కొందరందురు. నిజమే. 1806లో సికిందర్ జా పేరిట వెలసిన మన నగరమున తెలుగు, ఉర్దూ, ఆంగ్లము, తమిళము ఇరుగుపొరుగులై పెరిగినవి. రైలు, బస్సు, స్టేషను మన మాటలే యైనవి. వస్తువు వచ్చినది, దానితో పేరును వచ్చినది. నానుడి యట్లు రాదు. దాని వెనుక ఒక జాతి యాచారమును, అనుభవమును ఉండును. వానిని విడిచి మాటలను మాత్రము తెచ్చినచో అర్థము తలక్రిందులగును.

కనుక బాలబాలికలారా, ఆంగ్లమును శ్రద్ధగా నేర్వుడు. ఆ నానుడుల భావమును చక్కగా గ్రహింపుడు. తెలుగున వ్రాయునపుడు మాత్రము, ఇదే సంగతిని మన అవ్వ ఎట్లు చెప్పియుండెడిదని ఒక్కమారు తలపోయుడు. తగిన మాట అక్కడనే దొరకును.