షెడ్డు కబుర్లు: "స్టీరింగ్ నేను తిప్పట్లేదు నాన్నా!"

కిందటి సంచికలో బ్రేకుల గురించి రాస్తే, "పాత బళ్ళ గోల మాకెందుకండీ, మా హోండాకి ఆయిలు ఎప్పుడు మార్చాలో చెప్పండి చాలు" అని ఒక మిత్రుడు నవ్వుతూనే చురక అంటించారు. నిజమే. కానీ మన ఇళ్ళల్లో పిల్లలు పదిహేను, పదహారేళ్ళకి వచ్చేస్తున్నారు. వాళ్ళ కళ్ళు హోండా మీద లేవు. మావాడి కన్నయితే ఒక 1998 జీప్ చెరోకీ మీద పడింది.

అదేనండీ, 1984 నుంచి 2001 మోడల్ దాకా వచ్చిన నలుచదరపు చెరోకీ. 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, మహా మొండిది. మేము కొన్నదాన్ని పాత యజమాని 3 అంగుళాలు పైకి లేపి, 31 అంగుళాల టైర్లు తొడిగాడు. చూడటానికి వస్తాదులా ఉంటుంది. ఎత్తు పెంచినవాడు దానికి తగ్గట్టు కింద ఏమేం మార్చాడో మాత్రం నేను అడగలేదు. అది మొదటి తప్పు.

మావాడు లెర్నర్ పర్మిట్ మీద నడుపుతున్నాడు, పక్కన నేను. ఐ-35 మీద 55 మైళ్ళ వేగంలో వంతెన అతుకు దాటామో లేదో, ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఊగటం మొదలెట్టాయి. స్టీరింగ్ వాడి చేతుల్లో గిలగిలా కొట్టుకుంటోంది. "స్టీరింగ్ నేను తిప్పట్లేదు నాన్నా!" అని అరిచాడు. బ్రేకు గట్టిగా తొక్కకుండా, యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిలకడగా పట్టుకోమన్నాను. వేగం 30కి దిగాక వణుకు దానంతటదే ఆగింది. ఈ జబ్బుని ఇక్కడివాళ్ళు డెత్ వాబుల్ అంటారు. పేరు కాస్త ఎక్కువనిపిస్తుంది, అనుభవించేదాకా.

దగ్గర్లో ఉన్న షాపుకి తీసుకెళ్ళాం. "స్టీరింగ్ డాంపర్ పోయింది" అని కొత్తది వేశారు, చక్రాలు బాలెన్స్ చేశారు. రెండు వారాలు బండి బుద్ధిగా నడిచింది. "బాగైపోయిందిరా" అని నేనే ధైర్యం చెప్పి, మా చిన్నదాన్ని కూడా వెనక సీట్లో ఎక్కించుకుని బయల్దేరాం. అదే రోడ్డు, అదే వంతెన, అదే పూనకం. ఈసారి వెనక నుంచి చిన్నదాని ఏడుపు అదనం.

ఆ రాత్రి మావాడు ఒకటే మాట అడిగాడు. "నువ్వు కిందకి దూరి చూశావా నాన్నా?" చూడలేదు. ఆఫీసులో ఎవరైనా సర్వర్ రీస్టార్ట్ చేసి సమస్య తీరిందంటే ఒంటికాలి మీద లేస్తాను. ఇంట్లో నేను చేసింది అదే. డాంపర్ వణుకుని పీల్చుకుంటుంది తప్ప వణుకు పుట్టే చోటుని బాగుచెయ్యదు.

పిల్లలూ, ఈ ముక్క మీకు. దుకాణంలో సామాన్లు తోసే బండికి ముందు చక్రం ఒక్కోసారి టపటపా కొట్టుకుంటుంది, చూశారా? దాని ఇరుసు వదులైతే అంతే. చెరోకీకి ముందు రెండు చక్రాలూ ఒకే గట్టి ఇరుసుకి ఉంటాయి, కాబట్టి ఒకదాని వణుకు రెండోదానికి అంటుకుంటుంది. ఆ ఇరుసు పక్కలకి జరక్కుండా ట్రాక్ బార్ అని ఒక అడ్డకడ్డీ ఉంటుంది. ఒక కొస డ్రైవరు వైపు బాడీకి, రెండో కొస అవతలి వైపు ఇరుసుకి. ఆ కడ్డీ ఏ కొసనైనా కాస్త వదులైతే చాలు, ఇక ఇరుసు దాని ఇష్టం.

మర్నాడు పొద్దున్నే తండ్రీకొడుకులం దిగాం. చక్రాలు నేల మీదే, పార్కింగ్ బ్రేకు వేసి, గేరు పార్కులో పెట్టి, ఇంజను ఆన్ చేశాం. వాడు స్టీరింగ్‌ని గడియారంలో పదికీ రెండుకీ మధ్య అటూ ఇటూ ఆడిస్తుంటే, నేను బంపరు ముందు అట్టముక్క మీద పడుకుని, చక్రాలకి దూరంగా ఉండి, టార్చి వేసి ఒక్కో కీలూ చూశాను. (జాకీ మీద లేపిన బండి కింద మాత్రం ఎవరూ దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.) స్టీరింగ్ బాక్సు బోల్టులు గట్టిగానే ఉన్నాయి. టై రాడ్ ఎండ్లు పరవాలేదు. ట్రాక్ బార్ ఇరుసుని పట్టుకునే చోట మాత్రం, కడ్డీ ముందు కదులుతోంది, ఇరుసు ఓ క్షణం ఆగి కదులుతోంది. బోల్టు పట్టే రంధ్రం అరిగి అరిగి కోడిగుడ్డులా సాగిపోయింది! ఏళ్ళ తరబడి వదులు బోల్టుతోనే తిప్పినట్టున్నారు. మావాణ్ణి పిలిచి, నేను స్టీరింగ్ ఎక్కి, వాడి కళ్ళతోనే చూడమన్నాను.

తరవాత చక్రం లేపి, స్టాండ్ల మీద నిలిపి, 12-6 దగ్గర పట్టుకుని ఊపాం. అక్కడ ఆడితే బాల్ జాయింట్లో, బేరింగో. 3-9 దగ్గర మాత్రమే ఆడితే టై రాడ్ వైపు అనుమానం. మాకు రెండు చోట్లా ఏమీ లేదు. వెల్డరు చేత రంధ్రం సరిచేయించి, ఎత్తు పెంచిన బళ్ళకని వచ్చే పొడవు మార్చుకునే ట్రాక్ బార్ వేశాం. పాతది పొట్టిదైపోయి ఇరుసుని డ్రైవరు వైపు లాగేస్తోందిలెండి. బుష్ ఉన్న బోల్టు చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

పూనకం పోయింది. కానీ బండి ఇంకా రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఇది వేరే జబ్బు. సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది కదా, చేతులు వదిలేసినా తిన్నగా పోవటానికి అదొక కారణం. కారులో ఆ వాలుని కాస్టర్ అంటారు. చెరోకీకి కంపెనీ ఇచ్చేది సుమారు 7 డిగ్రీలు. ఎత్తు పెంచితే అది తగ్గిపోతుంది. అలైన్‌మెంట్ చేయించి, ఇరుసుని పట్టే కింది ఆర్మ్‌ల దగ్గర షిమ్‌లు వేయించి కొంత వెనక్కి తెచ్చాం. పూర్తిగా 7 తెస్తే ముందు డ్రైవ్ షాఫ్ట్ కోణం చెడి మరో వణుకు మొదలవుతుంది, అందుకని మధ్యలో ఆగాం. టో కూడా ఎత్తుతో మారుతుంది, అదీ సరిచేయించాం. ఒక్కోసారి ఒక్కటే మార్చి, నడిపి చూసుకోవటంతో నాలుగు వారాంతాలు పట్టింది.

ఆఖరి పరీక్షకి డాంపర్ విప్పేశాం. మూలం సరైతే అది లేకపోయినా పూనకం రాకూడదు. ఆదివారం తెల్లవారుజామున, ట్రాఫిక్ లేనప్పుడు, నేను స్టీరింగ్ దగ్గర, మావాడు పక్కన. ముందు చిన్న రోడ్ల మీద, తరవాత ఆ వంతెన మీద, 45, 50, 55. అతుకు మీద ధన్ మంది, అంతే. ఇంటికొచ్చి డాంపర్ మళ్ళీ బిగించాం.

మావాడు ఇప్పుడు రోజూ నడుపుతున్నాడు. మా చిన్నది మాత్రం ఎక్కే ముందు "అన్నయ్యా, కింద చూశావా?" అని అడిగాకే ఎక్కుతోంది.

వచ్చే సంచికలో పవర్ స్టీరింగ్ పంపు ఎందుకు మూలుగుతుందో చూద్దాం.