ముద్దాయి పాము

2018 ఆగస్టులో దివిసీమ పాముకాట్లతో వణికిపోయింది. అవనిగడ్డ, మోపిదేవి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రోజూ ఎవరో ఒకరిని ఆసుపత్రికి మోసుకొచ్చారు. నెల తిరక్కుండానే లెక్క వంద దాటింది. సర్కారు మందు సీసాలు పంపింది, కాదనను. దాంతోపాటు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో సర్పశాంతి యాగం కూడా చేయించింది. నాగులచవితి పాల మీద నాకు తగాదా లేదు. నా తగాదా అంతా "పాములు పగబట్టాయి" అన్న మాటతోనే.

ఆ మాటను కొట్టిపారేసేవాళ్ళు కూడా ఓ పొరపాటు చేస్తారు. పాముకి బుర్రెక్కడిది, జ్ఞాపకమెక్కడిది అని నవ్వేస్తారు. పాము నేర్చుకుంటుంది, గుర్తుపెట్టుకుంటుంది. కెనడాలో గార్టర్ పాముల మీద జరిపి 2020లో వెలువరించిన పరిశోధనలో, అవి కొన్ని తోటి పాముల పక్కకే పదేపదే చేరాయి. అయితే నచ్చిన పాము పక్కన ముడుచుకోవడం వేరు, తోక తొక్కినవాడి ఇల్లు వెతుక్కుంటూ రావడం వేరు.

మరి ఎందుకు కరుస్తుంది? బ్రెజిల్ పరిశోధకుడొకాయన మందపాటి బూట్లు తొడుక్కుని, 116 జరారాకా పాముల పక్కనా పైనా 40,480 సార్లు మెల్లిగా అడుగేశాడు. పిచ్చిపనిలా ఉంటుంది గానీ ఆయన తేల్చింది చూడండి: చిన్నవి పెద్దవాటికన్నా ఎక్కువగా కరిచాయి, ఆడవి మగవాటికన్నా ఎక్కువగా. తోక మీద కన్నా తల మీద అడుగు పడితే కాటు పడే అవకాశం ఎక్కువ. ఆ జరారాకా మన రక్తపింజరకు దూరపు చుట్టం. రెండూ అచ్చం ఒకేలా చేస్తాయని నేననను. కానీ కాటుకు కారణం ఎక్కడ వెతకాలో మాత్రం తెలిసింది: అడుగు పడిన చోట.

ఆగస్టులో ఆ అడుగు ఎవరిది? కాలవలకు నీళ్ళొదిలాక చేలు నిండుతాయి, బొరియల్లోని ఎలుకలు గట్టెక్కుతాయి, వాటి వెనకే పాము. అదే గట్టు మీద నాట్లకెళ్ళే ఆడకూలీలు, ఉత్త కాళ్ళతో. ఒకదాన్ని చంపిన చోటికే రెండోది వచ్చింది, పగ కాక మరేమిటంటారు. ఎలుకలు అక్కడే ఉన్నాయిగా! పైగా జతకట్టే రోజుల్లో మగపాము ఆడదాని వాసన పట్టుకుని వస్తుంది.

ఇక విషం సంగతి. 2020లోనే నాగుపాము జన్యుపటం బయటికొచ్చింది. విషగ్రంథిలో పనిచేసే 139 విష జన్యువులు దొరికాయి; వాటిలో 19 ఆ గ్రంథికే ప్రత్యేకం. ఆ సరంజామా ముఖ్యంగా వేట కోసం, పగ కోసం కాదు. బెంగళూరు ఐఐఎస్సీలో కార్తీక్ సునగర్ బృందం ఇంకో సంగతి చూపించింది: ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మన దేశంలో విరుగుడు తయారీకి వాడే విషం మాత్రం ఎక్కువగా తమిళనాడులో పాములు పట్టే ఇరులర్ల సహకార సంఘం నుంచే వస్తోంది. మరి దివిసీమ రక్తపింజర మీద ఆ మందు ఎంత పనిచేస్తుంది? యాగానికి ముహూర్తం చూసినంత శ్రద్ధగా ఈ ప్రశ్న ఎవరడిగారు?

పాముది పగ అనుకుంటే శాంతి చేయిస్తే చాలు. ఎలుక బుట్టలూ అక్కర్లేదు, కూలీలకు బూట్లూ అక్కర్లేదు. దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో అంచనా కట్టారు. మన పల్లెల్లో ఇప్పటికీ పాము పేరెత్తరు, "పురుగు ముట్టింది" అంటారు. అన్నాక, ఆసుపత్రి కన్నా ముందు మంత్రగాడి గుమ్మం ఎక్కేవాళ్ళున్నారు. అక్కడ విభూతి రాసుకుని, కాలు బంతిలా వాచాక అప్పుడు ఆటో కోసం వెతుకుతారు.