టీవీ హాలు కంప్యూటర్ తాళం ఎవరి చేతిలో ఉండాలి?

పట్నాల్లో కలిగిన ఇండ్లల్లో ఈ మధ్య ఒక ముచ్చట మొదలైంది. ముందు గదిలో పెద్ద టీవీ, దానికో కంప్యూటర్ తగిలించి ఇంటిల్లిపాదీ ఆటలాడుకుంటున్నారు. మన ఇండ్లల్లో ముందు గది, వెనుక గది అనే లెక్కే లేదు. వండేది, పండేది, చదివేది ఒకే అర్రలో. మనందరికీ ముందు గది అంటే హాస్టల్ టీవీ హాలే. ఆ టీవీకి ఒక పాత కంప్యూటర్ కలిపి తమ్ముళ్ళకు ఇవ్వాలని పూర్వ విద్యార్థులం కొందరం అనుకుంటున్నాం. అందులో ఏ ఆపరేటింగ్ సిస్టం వేయాలన్న దగ్గరే చర్చ ఆగింది. ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మా అభిప్రాయం మీ ముందు పెడుతున్నాం.

"హాస్టల్ పిల్లలకు ఆటలెందుకు, చదువుకోమనండి" అనేవారు ఉంటారు. మా ఇండ్లల్లో మొదటి డిగ్రీ మాదే. చదువు విలువ మాకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ ఆట కూడా పిల్లల హక్కే కదా! పైగా తమ్ముళ్ళు ఇప్పుడు ఆడటం లేదా? సెలవులకు ఇంటికి పోతే నాన్న ఫోన్‌లో ఆడుతూనే ఉన్నారు. ఆ ఫోన్‌లోకే రమ్మీలు, బెట్టింగులు దొంగచాటుగా వస్తున్నాయి. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అయినా చట్టం ఒక్కటే ఆశను చంపలేదు. నలుగురి మధ్య, పైసా లేకుండా ఆడుకునే ఆట దొరికితే, మూలకు కూర్చుని ఒంటరిగా ఆడే ఆట మీదికి మనసు పోవడం తగ్గుతుందని మా నమ్మకం.

ఇక అసలు విషయానికి వద్దాం. మన చెల్పూర్ కాకతీయ థర్మల్ కేంద్రంలో 1100 మెగావాట్ల యంత్రాలున్నాయి. కంట్రోల్ రూం లేకపోతే వాటితో ఒక్క బల్బు కూడా వెలగదు. కంప్యూటర్‌కు ఆ కంట్రోల్ రూం లాంటిదే ఆపరేటింగ్ సిస్టం. మన ముందు మూడు దారులున్నాయి.

మొదటిది విండోస్ కొనడం. దాని ధర 10 వేల రూపాయల దరిదాపుల్లో ఉంది. అంత పెట్టి కొన్నా పాత యంత్రాలకు విండోస్ 11 పనికిరాదని కంపెనీయే అంటోంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే యంత్రం బాగానే ఉన్నా కంపెనీ లెక్కలో అది ముసలిదైపోయింది.

రెండవది, అందరికీ తెలిసిన దొంగ కాపీ. ఎవరినడిగినా పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారు. కానీ దానితో పాటు ఏ వైరస్ వస్తుందో ఎవరికీ తెలియదు. అంతకన్నా పెద్ద మాట ఒకటుంది. దర్జాగా ఉచితంగా దొరికేది ఉండగా మన పిల్లలకు దొంగ సరుకుతో కంప్యూటర్ పాఠం ఎందుకు మొదలుపెట్టాలి?

మూడవది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లైనక్స్‌ను మొదలుపెట్టాడు. అప్పుడతనికి 21 ఏళ్ళు, ఇప్పటి మాకన్నా రెండేళ్ళు చిన్న. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ళ తరబడి దీనితోనే నడుస్తున్నాయి. బెంగళూరులో ఒక మురికివాడలో అంబేద్కర్ పేరు పెట్టుకున్న కంప్యూటర్ కేంద్రం దీనితోనే కూలీల పిల్లలకు కంప్యూటర్ నేర్పింది. మన హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తయారుచేసి, బడిపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ'ను కూడా తెచ్చింది.

"లైనక్స్‌లో ఆటలు రావు" అన్నది పాత మాట. వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ అనే ఉపకరణాన్ని తెచ్చాక విండోస్ కోసం చేసిన వేలాది ఆటలు లైనక్స్‌లో ఆడుతున్నాయి. 2022లో అదే కంపెనీ అమ్మకానికి పెట్టిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం కూడా లైనక్స్‌దే. అట్లని అన్నీ వస్తాయని చెప్పడం న్యాయం కాదు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటివి ఇందులో రావు. ఆటలో మోసం చేసేవారిని పట్టే వాటి కాపలా ప్రోగ్రాములు లైనక్స్‌ను ఒప్పుకోవు. ప్రోటాన్‌కు కూడా కాస్త కొత్త గ్రాఫిక్స్ కావాలి, పాత యంత్రం దాన్ని మోయలేదు.

మరి ఏ లైనక్స్? టీవీ ముందు కంట్రోలర్‌తో ఆడటానికే తయారైన బజైట్ అనే రకం ఉంది. దాని అసలు భాగాలను ఎవరూ సులభంగా చెడగొట్టలేరు, చెడినా వెనుకటి స్థితికి తేవచ్చు. వంద చేతులు పడే చోట ఇది గొప్ప గుణమే. కానీ అది కొత్త యంత్రాలకు తగినది. మనకు దొరికేది నాలుగు జీబీల పాతది. అందుకే లైనక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయాలని మా సూచన. 2024లో వచ్చిన దాని 22వ విడతకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. దాచిన ఫోటోల మాదిరి ఏదీ అందులో పెట్టకుండా ఉంటే, చెడినా అరపూటలో మళ్ళీ వేసుకోవచ్చు.

ఇందులో ఆడటానికి ఏమున్నాయి? సూపర్‌టక్స్‌కార్ట్ అనే బండి పందెంలో ఒకే టీవీ మీద నలుగురు కలిసి ఆడవచ్చు, నెట్ అక్కరలేదు. లువాంటిలో దిమ్మెలు పేర్చి ఊరు కట్టుకోవచ్చు. యంత్రం ఓపితే జీరో ఏడీలో మౌర్యుల ఏనుగులతో యుద్ధం చేయవచ్చు. చిన్న తరగతుల వారికి జీకాంప్రీలో లెక్కలు, అక్షరాలు ఆటలుగా ఉన్నాయి. వీటిలో దేనికీ పైసా కట్టేది లేదు, మధ్యలో ప్రకటన రాదు. ఏ ఆటైనా ఎట్లా తయారైందో చూడాలనుకున్న తమ్మునికి దాని కోడ్ మొత్తం తెరిచే ఉంటుంది.

మా వాదమంతా ఇక్కడే ఉంది. ఎక్కువ ఆటలు ఎందులో వస్తాయన్న లెక్క ఒక్కటే చూస్తే విండోస్‌దే పైచేయి. కానీ మన ఇండ్లకు ఏ వస్తువు వచ్చినా తాళం వేరేవాళ్ళ దగ్గరే ఉంటూ వచ్చింది. ఈ ఒక్క వస్తువు తాళంచెవితో సహా మన చేతికి వస్తోంది. ఆడే వంద మందిలో ఇద్దరైనా "ఇది ఎట్లా నడుస్తోంది?" అని లోపలికి తొంగిచూస్తే మన ఖర్చు గిట్టినట్టే.

తమ్ముళ్ళారా! మేము చెప్పామని ఒప్పుకోవద్దు. హాస్టల్ కమిటీలో చర్చించండి. ఏ ఆటలు కావాలో, ఎవరి వంతు ఎప్పుడో, పరీక్షలప్పుడు ఎన్ని గంటలు బందు పెట్టాలో మీరే రాసి వార్డెన్ సారుకు ఇవ్వండి. తొమ్మిదో తరగతి నుంచి ఇద్దరు ముందుకు వస్తే, సిస్టం వేయడం మొదలు బాగుచేయడం దాకా దగ్గరుండి నేర్పే బాధ్యత మాది. వాళ్ళు పది దాటేలోగా మరో ఇద్దరికి నేర్పే బాధ్యత వాళ్ళది.