ఊ కొట్టేవారు

ఎర్రమల కొండలను నిట్టనిలువుగా కోసుకొంటూ పెన్నానది సాగిపోయే చోట గండికోట ఉన్నది. గండి పక్కన వెలసిన కోట గనుక గండికోట. కడప జిల్లా జమ్మలమడుగు నుండి పదిహేను కిలోమీటర్ల దూరం. సెలవు దినాలలో ఇక్కడికి కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. చిత్రాన్నం పొట్లాలు విప్పుకొని చెట్టునీడన తింటాయి. లోయ అంచున ఎర్రబండల మీద నిలబడి ఫోటోలు తీసుకొంటాయి. మాధవరాయస్వామి ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసుకొని పొద్దు వాలే వేళకు ఇంటిదారి పడతాయి. ఆ గుంపులలోని ముసలాయన ఎవరో ఒకరు కత్తుల కోనేటి గట్టున ఆగి, “యుద్ధం అయినాక ఈ నీళ్లల్లోనే కత్తులు కడిగినారంట. అందుకే నీళ్లు ఎర్రబారినాయంట” అని మొదలుపెడతాడు. కథ ఆ రెండు మాటల దగ్గరే నిలిచిపోతుంది. చెప్పవద్దని ఎవరూ అనరు. అంతా అబద్ధమని ఎవరూ వాదించరు. “ఊ” అనేవారు లేక నిలిచిపోతుంది, అంతే.

తెలుగునాట కథ చెప్పడం ఒక ఒడంబడిక వంటిది. చెప్పేవారు చెబుతూ ఉండాలి, వినేవారు ఊ కొడుతూ ఉండాలి. ఆ శబ్దం ఆగితే “నిద్రపోయినావా?” అన్న ప్రశ్న వస్తుంది. జవాబు రాకపోతే కథ ఆ రాత్రికి ముడుచుకొంటుంది. ఊ అనడం ఒప్పుకోలు కాదు, మెప్పుకోలు అంతకన్నా కాదు. రాజకుమారుడు అడవిలో దారి తప్పినప్పటి ఊ వేరు, రాక్షసుడు వాసన పట్టినప్పటి ఊ వేరు. ఆ తేడాను చెవితో పట్టుకొని, చెప్పే అవ్వ ఒకచోట కథను సాగదీస్తుంది, మరొకచోట తొందరగా దాటిస్తుంది. అందువల్ల ఒకే కథ రెండు రాత్రులు ఒకే తీరుగా ఉండదు. కథలో సగం చెప్పేవారిదైతే సగం వినేవారిది.

ఈ సంగతి ప్రాచీనులకు బాగా తెలుసు. మహాభారతాన్ని వైశంపాయనుడు జనమేజయునికి చెప్పింది సర్పయాగం జరుగుతున్న సమయంలో. అది కూడా యాగకర్మల నడుమ దొరికిన విరామాలలో. మళ్లీ అదే కథను సూతుడు నైమిశారణ్యంలో శౌనకాది మునులకు వినిపించాడు. అక్కడ జరుగుతున్నది పన్నెండేళ్ల సత్రయాగం. మునులు ప్రశ్నలు వేస్తారు, సూతుడు జవాబు చెబుతాడు. ఆ ప్రశ్నలే లేకుంటే ఉపాఖ్యానాలలో చాలాభాగం పుట్టేవి కావు. ఇంతటి మహాగ్రంథం రెండు పనుల మధ్య చిక్కిన తీరికలో పుట్టిందని తలచుకొంటే, తీరికను సోమరితనంగా లెక్కగట్టే నేటి అలవాటు విడ్డూరంగా తోస్తుంది. పాలవేకరి కదిరీపతి రచించిన ‘శుకసప్తతి’లో చిలుక రాత్రికొక కథ చెప్పి ఒక ఇల్లాలిని గడప దాటనీయకుండా ఆపుతుంది. చిలుక నేర్పు అంతా కథలోనే ఉన్నదని అనుకోవడం పొరపాటు. విని, ‘తరువాత ఏమైంది?’ అనే మనిషి ఎదుట ఉండబట్టే ఆ రాత్రులు గడిచాయి.

రాయలసీమ వంటి మెట్ట ప్రాంతంలో కథకు తీరిక ఎక్కడ దొరికింది? వేసవి రాత్రులలో మట్టిమిద్దెల మీద దొరికింది. అంతకన్నా ఎక్కువగా వేరుశనగ విత్తనం ఒలిచే రోజులలో దొరికింది. తొలకరికి ముందు విత్తనపు కాయలను చేతితో ఒలవడం ఇక్కడి ఇళ్లలో పెద్ద పని. గింజ మీది ఎర్రపొర చెదిరితే మొలక రాదు. అందుకని కాయల మీద నీళ్లు చిలకరించి మెత్తబరచి, ఇంటిల్లిపాదీ గంపల చుట్టూ చేరేవారు. బొటనవేళ్లు నొప్పిపుట్టే పని, చూపు పెద్దగా అక్కరలేని పని, మాటకు అడ్డురాని పని. జేజి కథ మొదలుపెట్టేది. పిల్లలు ఊ కొడుతూ ఒలిచేవారు. పిల్లల నోరు ఊ అంటున్నంతసేపు గింజలు నమలదన్న రహస్యం ఆమెకు తెలియనిది కాదు!

అయితే గడిచిన కాలాన్ని మరీ బంగారుపూత పూసి చూడడం న్యాయం కాదు. ఆ జేజికి తీరిక ఎన్నడూ లేదు. కథ చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఆడుతూనే ఉన్నాయి. అందరూ పడుకొన్నాక పొట్టు ఎత్తిపోసి, తెల్లవారుజామునే లేచేది ఆమే. కరువు ఏడు వస్తే ఒలవడానికి కాయలే ఉండవు. కథ వచ్చింది సుఖం నుండి కాదు; కష్టమైన పనిని పదిమంది కలిసి కూర్చొని చేయడం నుండి వచ్చింది. ఇప్పుడు కాయలు ఒలిచే యంత్రాలు వచ్చాయి. ఆ బొటనవేళ్లకు విశ్రాంతి దొరికినందుకు సంతోషించవలసిందే. ఆ విశ్రాంతి ఎటు పోయిందన్నదే అడగవలసిన ప్రశ్న.

అచ్చుపుస్తకం వచ్చాక కూడా ఊ కొట్టడం వెంటనే పోలేదు. 1947 జులైలో ‘చందమామ’ మాసపత్రిక మద్రాసులో వెలువడింది. దానిని చక్రపాణితో కలిసి స్థాపించిన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడు గ్రామంలో పుట్టినవారు. 1952 నుండి 1980లో మరణించేవరకు ఆ పత్రిక రచనాభారం వహించినది కొడవటిగంటి కుటుంబరావు. చదువు వచ్చినవారు తక్కువగా ఉన్న ఆ దశకాలలో పల్లెకు చేరిన ఒక్క ప్రతిని బడికిపోయే పిల్లవాడు తిన్నె మీద కూర్చొని బిగ్గరగా చదివేవాడు, చుట్టూ చేరిన పెద్దలు ఊ కొట్టేవారు. ఇంట్లో పాత్రలు తారుమారైనాయి: జేజి చెప్పగా మనుమడు విన్న కథను ఇప్పుడు మనుమడు చదవగా జేజి విన్నది. ఇది చిన్న మార్పు కాదు. ‘చందమామ’ బేతాళకథలనే చూడండి. బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు, ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుని తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. శ్రోత పలకక తప్పని నియమం మీద నడిచిన కథలు అవి. కథాసరిత్సాగరం నాటి పాతిక కథల చట్రంలో ‘చందమామ’ వందలాది కొత్త కథలను ఇమిడ్చింది.

కథకులు ఈ తిన్నెల మీదినుండే వచ్చారు. కడప జిల్లా రంగసాయిపురంలో 1939లో జన్మించిన కేతు విశ్వనాథరెడ్డి కథల్లో సీమ రైతు మాట్లాడే తీరు, మధ్యలో ఆగే తీరు వినిపిస్తాయి. చెవి పదునుగా ఉన్నవారికి తప్ప అది పట్టుబడదు. ఆయన కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కుటుంబరావు సాహిత్యాన్ని సంపుటాలుగా సంపాదకత్వం వహించి వెలువరించినదీ ఆయనే. ఆయన డాక్టరేటు పరిశోధన కథల మీద కాదు, కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద. ఊరిపేరు ఎట్లా వచ్చిందని అడిగితే ప్రతి ఊరూ ఒక కథ చెబుతుంది. కథకునికి అంతకన్నా మంచి శిక్షణ ఉండదేమో! 2023లో ఆయన కన్నుమూశారు.

ఆయన తరువాతి తరంవారు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. 2019లో తానా బహుమతి పొందిన ఆయన నవల ‘కొండపొలం’లో, ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకని యువకుడు కరువుకాలంలో గొర్రెలను తోలుకొని తండ్రితోపాటు నల్లమల అడవికి వెళతాడు. కాపరుల అనుభవాలు వింటూ, అడవిని చూస్తూ తన బెరుకును పోగొట్టుకొంటాడు. తరగతి గదిలో దొరకనిది అతనికి ఆ సహవాసంలో దొరికింది.

గండికోట విషయమే తీసుకొంటే, ఈ కోట గురించి నేడు తెలిసినదానిలో కొంతభాగం ఎవరో ఊ కొట్టడం వల్లనే మిగిలింది. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, కాలిన్ మెకంజీ సహాయకులు ఊరూరా తిరిగి కరణాల కవిలెలను, పెద్దల నోటి మాటలను వ్రాసుకొన్నారు. అవే కైఫీయత్తులు. వాటిలోని మాట ప్రతిదీ చరిత్ర కాకపోవచ్చు. బొమ్మనపల్లె కాకరాజు కోట కట్టించాడన్న కథనాన్ని చరిత్రకారులు తరచి చూడవలసిందే. అయినా తరచి చూడడానికి ముందు ఒకరు వినాలి, వ్రాసుకోవాలి. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, అంతకు కొద్దికాలం ముందే కోటను వశపరచుకొన్న మీర్ జుమ్లాను కలుసుకొన్నాడు. నవాబు డేరాలో వట్టికాళ్లతో కూర్చొని, కాలివేళ్ల సందున కొన్ని ఉత్తరాలు, చేతివేళ్ల సందున కొన్ని ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే లాగి లేఖకులకు జవాబులు చెప్పడం చూశానని తన యాత్రాగ్రంథంలో వ్రాశాడు. వేలకొద్దీ ఫోటోలలో ఆ కాలివేళ్లు కనబడవు. అవి చదివినవారికే కనబడతాయి.

కోటకు ఎగువన గండికోట జలాశయం ఉన్నది. దాని నిల్వ సామర్థ్యం దాదాపు 27 టి.ఎం.సి.లు. మెట్ట నేలకు ఆ నీరు ప్రాణావసరం. ఆ నీటి కింద ఊళ్లున్నాయి. 2020లో జలాశయం నిండుతున్నప్పుడు కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు ప్రజలు ఇళ్లు విడవవలసి వచ్చింది. ఇంటికి, పొలానికి పరిహారం లెక్క కట్టవచ్చు. ఏ తిన్నె మీద ఏ అవ్వ ఏ కథ చెప్పిందో లెక్క కట్టే పద్దు లేదు. పుట్టిన ఊరిని మనుమలకు చూపలేని ఆ పెద్దలకు ఇక మిగిలింది చెప్పడమే. వినేవారుంటేనే ఆ ఊరు ఉంటుంది.

వినే వయసు పిల్లలు ఇంట్లో ఉండడం లేదు. పదో తరగతి ముగిసిందో లేదో హాస్టలు గదికి చేరుతున్నారు. తెల్లవారుజాము నుండి రాత్రి వరకు గంటలు కొలిచి చదివే చదువు వారిది. కథల పుస్తకం కనబడితే కాలహరణమని లాక్కొనే పెద్దలు లేకపోలేదు. ఇంటికి వచ్చిన నాలుగు రోజులూ నాలుగు గదులలో నాలుగు ఫోన్లు. టీవీ ముందైనా అందరూ ఒకచోట కూర్చొనేవారు. కాని టీవీ ఎవరి ఊ కోసమూ ఆగేది కాదు. ఫోనులో లైకు కొట్టడం ఊ కొట్టడంతో సమానమని కొందరంటారు. లైకు కథ ముగిశాక వస్తుంది. నడుస్తున్న కథను ఆగి చూసేట్టు చేసే శక్తి దానికి లేదు. ఆదివారం నాడు హాస్టలుకు ఇంటి నుండి ఫోను వస్తుంది. “తిన్నావా?” “ఊ.” “బాగా చదువుతాండావా?” “ఊ.” అవ్వ కథను ముందుకు నడిపిన అక్షరమే ఇక్కడ మాటకు తలుపు మూస్తున్నది.

కత్తుల కోనేటి దగ్గర మాత్రం ఒక్కొక్కసారి వేరుగా జరుగుతుంది. ముసలాయన ఆ రెండు మాటలు అని ఊరుకోగానే, దసరా సెలవులకు ఇల్లు చేరిన మనుమడెవడో నీళ్లలోకి తొంగిచూసి, “ఇప్పుడు ఎర్రగా లేవు కదా తాతా?” అని అడ్డుతగులుతాడు. ముసలాయనకు కోపం రాదు. భుజం మీది తువ్వాలు తీసి మెట్టు మీద పరుస్తాడు. “ఇట్లా కూచో, చెప్తా” అంటాడు.